పాకం దించే అదను

మధ్యాహ్నం మూడుంబావుకి తెచ్చారాయన్ని,
పూతలపట్టు పక్కన బెల్లం వండే దొరసామిని.
రొమ్ము ఎముకని తీగెలతో కుట్టి,
కాల్లోంచి తీసిన నరాన్ని గుండెకి అతికించి,
నోట్లో గొట్టం, గొట్టం చివర మిషను.
ఊపిరి మిషనుది.
రొమ్ము మాత్రం ఆయనది.

ఇదివరకు ఈ వార్డులో ఒకటే మాట: తెల్లారనీ.
మందెక్కించి రాత్రంతా నిద్రపుచ్చేవాళ్లం.
పొద్దున పెద్ద డాక్టరు రౌండ్లకొచ్చి
తీసేయండి అంటే తీసేవాళ్లం.
నైట్ డ్యూటీకి అది సుఖం.
నేనూ సుఖపడినదాన్నే, అబద్ధమెందుకు.

కొత్తగా వచ్చిన హేమలత మేడం అడిగింది:
ఒళ్లు వెచ్చబడింది, రక్తం కారడం తగ్గింది,
పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు,
ఇంకా ఎవరి కోసం ఆ గొట్టం?

నాకు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది.
పీలేరామెకి తీసిన గంటకే మళ్లీ వేశాం.
ఆ గంటసేపూ ఆమె నన్నే చూసింది.

ముందురోజు, ఛాతీ గొరిగించుకుంటా
దొరసామి చెప్పినాడు:
"పాకం దించేదానికి గడియారం లేదు పాపా.
ముందు దించితే గడ్డ కట్టదు, నీళ్లు కారతాది.
రవ్వంత ఏమారితే మాడి చేదెక్కతాది.
నీళ్లలో చుక్కేసి, వేళ్ల మధ్య నలిపి చూడాల.
అదే చెప్తాది."

చేయి పట్టుకున్నా. నొక్కు నాయనా.
నొక్కాడు.
నలభై ఏళ్లు కొప్పెరలో తెడ్డు తిప్పిన వేళ్లు,
గ్లౌజు లోపల నా వేళ్లు నొప్పెట్టాయి.
తల ఎత్తు. ఎత్తాడు. ఐదు లెక్కపెట్టాను,
కొంచెం తొందరగానే.
మిషను సాయం తగ్గించి అరగంట నిలబడ్డాం.
మణికట్టు దగ్గర నరంలోంచి
చుక్క రక్తం తీసి పరీక్షకి పంపాం.
మేమూ చుక్కే కదా చూసేది, అనుకున్నా.

ఎనిమిదీ నలభై.
కుట్ల మీద దిండు అదిమి, దగ్గమన్నాం.
ఒక తడి చప్పుడుతో వచ్చేసింది గొట్టం.
తర్వాత ఒక్క క్షణం
ఆ మంచం చుట్టూ ఎవరికీ ఊపిరి లేదు.
మిషను ఆగింది, ఆయన మొదలెట్టలేదు,
నేను మర్చిపోయాను.

గరగరమంటూ మొదటిది లోపలికి పోయింది.
బయటికొచ్చింది.
ఇంకొకటి.

తడి గుడ్డతో పెదాలు తుడుస్తుంటే అడిగాడు,
గొంతు ఇసకలో ఈడ్చినట్టు:
"తెల్లారిందా?"
లేదు. కిటికీలోంచి చూడు,
కొండ దారి లైట్లు ఇప్పుడే వెలిగినట్టున్నాయి,
ఆఖరి బస్సులు ఇంకా ఎక్కుతున్నాయి.
"అట్లనా" అన్నాడు,
ఒక రాత్రి ఊరికే దొరికినోడి మాదిరి.

నాలుగో మంచం దగ్గరికి నడిచాను.
చంద్రగిరి నుంచి వచ్చిన కుర్రది, మగ్గం నేస్తుందట.
చేయి నొక్కమన్నాను.
నా వేళ్లలో ఆమె వేళ్లు నీళ్లలా జారిపోయాయి.
మేడం నా వైపు చూసింది.

తెల్లారనీ, అన్నాను.
అదే పాత మాట.
ఈసారి చేయి పట్టి చూసి అన్నాను.