వేలిగీతలు మొలిచిన నెల

ఎర్రగుంట్ల బస్టాండు ఎదురుగా
సిమెంటు లారీల దుమ్ములో నా జిరాక్సు కొట్టు.
ఆదాయం సర్టిఫికెట్లు, పంట బీమా కాగితాలు,
పదో తరగతి హాల్‌టికెట్లు:
నాకు తెలిసిన దేశాలు ఇవే.

దస్తగిరి వచ్చి బల్ల మీద కవరు పెట్టినాడు.
"ఇది నింపాల అక్కా. ఒక్క తప్పు పోకూడదు."
నిడుజువ్వి గనిలో బండలు చీల్చేవాడు.
ఉలి ఆనించి, చెవి ఆనించి,
పొర యాడుందో విని కొడతాడు.
పెనం మీంచి దోసె లేచినట్టు
బండ లేస్తుంది.

ఇటలీలో రాళ్ల సంతంట.
మన నల్లబండ కొనే కంపెనీవాళ్లు
మిషను లేకుండా చీల్చేది చూపించమని పిలిచినారు.
తొమ్మిది దినాలు. రానూపోనూ ఖర్చు వాళ్లదే.

ఒక్క వీసా, ఇరవైతొమ్మిది దేశాలు
అని నేను చదివితే నమ్మలేదు.
"నడుమ గేట్లుండవా? చెక్‌పోస్టు?"
ఉండవంట.
"మా చేనికీ మా చిన్నాయన చేనికీ నడుమ
హద్దురాయి కోసం పదేండ్లు కోర్టుకు తిరిగినాం కదక్కా.
ఆ రాయి నేను చెక్కిందే."

మొదట ఏ దేశంలో కాలు పెడతారు, అనడిగింది ఫారం.
"విమానం యాడ దింపితే ఆడ."
ఇంతకుముందు వేలిముద్రలు ఇచ్చినారా?
"రేషను మిషనుకు ఇచ్చినా. అది తీసుకోలా."
తిరిగి వస్తారనేదానికి రుజువు?

రోడ్డు మీద లారీ పోయేదాకా ఆగినాడు.
"సగం చీల్చి వదిలిన బండ ఒకటుంది.
ఇంకొకడు ముట్టుకుంటే పగుల్తాది.
అది రాయి."
రాయి అన్నాడో, రాయమన్నాడో.
నేను ఎనభై సెంట్ల పాసుబుక్కు నకలు జత చేసినాను.

రాత్రి రైలెక్కి హైదరాబాదు పోయినాడు.
అద్దాల ఆఫీసులో పచ్చలైటు పలక మీద
వేళ్లు పెట్టినాడు. తుడిచి పెట్టినాడు.
కౌంటరులో పిల్ల తడిగుడ్డ ఇచ్చింది, మళ్లీ పెట్టినాడు.
పదింట్లో రెండే పలికినాయి.
ముప్పై ఏండ్ల రాపిడి.
బండకు నునుపొస్తే రేటు పెరుగుతుంది,
వేళ్లకొస్తే మనిషి లెక్కలోకి రాడు.
"నెల ఆగి రండి, రాతిపని ముట్టకుండా" అన్నారంట.

ఆ నెలంతా
ఊళ్లో వాళ్లు ఏం జబ్బని అడిగినారు.
రాత్రిళ్లు ఆముదం పూసి, గుడ్డ చుట్టుకుని,
చేతులు రెండూ చంటిబిడ్డల్లా పక్కన పెట్టుకుని పండుకునేవాడు.
పోయిన కూలి వీసా ఫీజుకు రెండింతలైంది.
చిట్టీ పాట ఒకటి తప్పిపోయింది.

మస్తానమ్మ ఏవో కాగితాలకొచ్చి, ఎవరూ లేంది చూసి చెప్పింది:
"పెండ్లయినాక ఇదే మొదటిసారి.
చెంప మీద చేయి పెడితే గీసుకోలా."
అన్నాక తల దించుకుని
జిరాక్సు ఎంతైందని అడిగింది.

ఇరవైమూడో దినం
దస్తగిరి కొట్టు ముందర నిలబడి
అరచేయి ఎండకు పట్టినాడు.
చూపుడువేలి కొనన సన్నగా,
పదునైన మరుసటి దినం
గొర్రు తోలిన చేను.
"ఇది నేనేనా అక్కా?"

మళ్లీ రైలు. ఎనిమిది వేళ్లు పలికినాయి.
తొమ్మిది దినాలడిగితే తొమ్మిదే ఇచ్చినారు,
ఒక పూట ఎక్కువ లేదు.
పాసుపోర్టు పేజీలో అంటించిన ఆ కాగితాన్ని
కండువా కొనతో తుడిచి తుడిచి చూసుకున్నాడు.

ప్రయాణం ఇంకా పదహారు దినాలుంది.
ఆ సాయంత్రమే గనిలోకి దిగినాడని తెలిసి
ఫోను చేసి అరిచినాను:
ఆడ దిగినాక మళ్లీ వేళ్లు అడుగుతారు,
గీతలు పోతే ఎవరివని చెప్తావు?

మాట రాలేదు.
ఫోను బండ మీద పెట్టినట్టున్నాడు.
ఉలి ఆనించిన చప్పుడు.
తర్వాత ఏమీ లేదు, చాలాసేపు,
చెవి ఆనించి వింటున్నంతసేపు.

అప్పుడొక్క దెబ్బ.