సాల్మీ రోడ్డు, ముప్పై సెకన్లు

గురువారం డ్యూటీ దిగేసరికి
షువైఖ్ గ్యారేజీల మీద ఆకాశం
మార్చాల్సిన ఇంజనాయిలు రంగు.
ఖాదర్‌వలి లాండ్రీ వ్యాను హారను రెండుసార్లు కొట్టాడు.
"యాడ పడతాదో సూడు మామా,
పెట్రోలు నాది, మెరుపు నీది."

ఇక్కడోళ్లు దీన్ని సరాయత్ అంటారు.
ఎండలు ముదిరే ముందు
అప్పడగడానికొచ్చిన బావమరిదిలా
చెప్పకుండా వస్తుంది,
ఇల్లంతా ఎగరగొట్టి
తలుపు వేయకుండా పోతుంది.

ఫోనులో రాడారు బొమ్మ.
ఇరాక్ వైపు నుంచి ఒక ఎర్ర మచ్చ
అంచులు పసుపుబారి
రేగుతున్న కురుపులా మా మీదికి జరుగుతోంది.
వ్యాను వెనక, హ్యాంగర్లకి ఎవరెవరివో తెల్ల దిష్‌దాషాలు,
గుంత వచ్చినప్పుడల్లా
అన్నీ కలిసి రుకూలోకి వంగి లేస్తున్నాయి.

నా కెమెరా శుక్రవారం సంతలో కొన్నది.
లెన్సు అంచున గీత.
అమ్మినవాడెవడో కార్డులో
తన పెళ్లి ఫోటోలు మరిచిపోయాడు.
నేను చెరపలేదు.

ఎనభయ్యో కిలోమీటరు దగ్గర తారు వదిలాం.
చూపు ఎక్కడ ఆగాలో తెలియక
కళ్లు నొప్పెట్టేంత నేల.
దూరంగా కరెంటు స్తంభాలు,
వాటి తర్వాత పొడుగు మేమే.
"వంగి కూకో మామా" అంటాడు వాడు,
నిలబడే.

ముందు దుమ్ము.
పళ్ల మధ్య కరకర.
తర్వాత ఆరిన సున్నం మీద
ఎవరో నీళ్లు చిలకరించిన వాసన.
మెరిసింది.
ఖాదర్‌వలి వేళ్లు మడుస్తున్నాడు, పది, పదకొండు, పన్నెండు,
నేల కిందినుంచి వచ్చింది ఉరుము.
"అర్జున ఫల్గుణ పార్థ కిరీటి..."
రాయచోటిలో గోడవతల రామసుబ్బమ్మవ్వ నేర్పింది వాడికి,
అదయ్యాక గుక్క తిప్పుకోకుండా ఆయతుల్ కుర్సీ.

తొమ్మిదిసార్లు షట్టరు తెరిచాను.
తొమ్మిదిసార్లూ నల్లటి పలక.
మూసిన మరుక్షణమే పడుతుంది పిడుగు,
కొరివితో నవ్వినట్టు.

పదోసారి, ముప్పై సెకన్లు.
అప్పుడే నడిచొచ్చాడు మనిషి
ఒంటెను పట్టుకుని, సరిగ్గా నా చట్రంలోకి.
జరగమని అరిచాను.
గాలి నా మాటని నా నోట్లోకే తోసింది.
ఒకటి మెరిసింది.
కాసేపటికి ఇంకోటి.
ఇక మూసుకుంటుందనగా, మూడోది.

తెరమీద ముగ్గురు.
ఒకడు ఒంటె మెడ మీద చెయ్యేసి,
ఒకడు వెనక్కి తిరిగి మబ్బుని చూస్తూ,
ఒకడు నన్ను చూసి నోరు తెరిచి.
వాళ్ల మధ్య వాడు నడిచిన చీకట్లో
అడుగు జాడ కూడా లేదు.

దగ్గరికొచ్చి చూశాడు ఇద్రీస్,
సూడాన్ మనిషి, గడ్డంలో ఇసుక.
వేలితో తన్ను తాను లెక్కపెట్టుకున్నాడు.
వాహిద్. ఇత్నేన్. తలాతా.
"నా కఫీల్‌కి చూపించు,
మూడు జీతాలు ఇమ్మను" అని
ఒంటె బెదిరేలా నవ్వాడు.

పద్నాలుగేళ్లయింది నేనీ దేశం వచ్చి.
ఎన్నిసార్లు మెరిసిందో
లెక్కపెట్టబోయి
షట్టరు మళ్లీ తెరిచాను.

వాన ఏడు నిమిషాలు.
ఒంటెలు నోళ్లెత్తి నిలబడ్డాయి.
ఇద్రీస్ చెప్పులు విడిచి
చంకలో పెట్టుకున్నాడు.
వ్యాను వెనక తలుపు వేయడం మరిచాం,
దిష్‌దాషాలన్నిటి మీదా బురద చుక్కలు,
అమ్మోరు పోసినట్టు.
"రేపు సెలవు పాయె" అన్నాడు ఖాదర్‌వలి,
నాలుకతో పెదవి మీది వాననీళ్లు తుడుచుకుంటూ.

తిరుగుదారిలో కెమెరా చెప్పింది,
కార్డు నిండింది,
ఏదో ఒకటి చెరపమని.
ఎవడో పెళ్లికొడుకు, మెడలో దండ.
ముగ్గురు ఇద్రీసులు.
మళ్లీ పెళ్లికొడుకు.
జహ్రా దీపాలు కనిపించేదాకా
బొటనవేలితో
ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉన్నాను.