ఏడు కేజీల నాలుగొందలు

కాశీబుగ్గలో శనివారం, దీపాలు పెట్టేవేళ.
తూకం దగ్గర ముప్పైమంది ఆడాళ్ళు,
జీడిసొన తాగి నల్లబడ్డ చేతులు.
నా బల్లమీద లాప్‌టాప్.
దాని పైవరసలో నాలుగూ ఏడూ ఎప్పుడో చచ్చాయి,
అందుకే పక్కన ఈ అరచేయంత కీప్యాడ్,
వైరు తోకతో.

"దాలమ్మ, ఏడు కేజీల నాలుగొందలు!"
కాటా దగ్గర్నుంచి కామేసు కేక.
ఏడు నొక్కాను.
ఏడు పడలేదు.
కర్సరు గబుక్కున వరస మొదటికి ఉరికి
ఆమె పేరుమీద నిలబడింది.
చూసుకోకుండా చుక్క నొక్కాను.
పేరు పోయింది.
నాలుగు నొక్కాను. కదల్లేదు,
పేరు కన్నా ఎడమకి ఇంక చోటేదీ?

పేరుని వెనక్కి తెచ్చి
అసిరమ్మ ఎనిమిదిన్నర వేద్దామంటే
ఎనిమిది నన్ను పై గడికి ఎక్కించింది,
చుక్క అక్కడున్న నీలమ్మ కష్టాన్ని తుడిచేసింది.
ఐదు ఒక్కటే ఎటూ పోలేదు,
ఏమీ రాయనూ లేదు.

వైరు పీకి పెట్టాను. రెండో రంధ్రంలో పెట్టాను.
ఊదితే పప్పుపొట్టు లేచి తుమ్మొచ్చింది.
లాప్‌టాప్ ఆపి లేపాను,
అది కళ్ళు నులుముకునేసరికి ఆరు నిమిషాలు.
ఎదురు ఫొటో స్టూడియోలో గుచ్చి చూస్తే
ఇన్‌స్పెక్టరొచ్చిన రోజు పిల్లాడిలా
ఒకటీ రెండూ మూడూ గడగడా అప్పజెప్పింది.
ఇక్కడికి తెచ్చానా, మళ్ళీ మూగ.

"బేగి సెయ్యి బాబూ, బ్రాహ్మణతర్ల ఆటో ఎల్లిపోద్ది."

రేషన్ షాపులో వీళ్ళ వేళ్ళని మిషను పోల్చుకోదు,
సొన గీతలన్నీ తినేసింది.
తుడిచి పెట్టు, మళ్ళీ పెట్టు, అంటాడు డీలరు.
ఇవాళ నా వంతు.
తుడిచి పెట్టాను. మళ్ళీ పెట్టాను.

బల్లకి అవతల దాలమ్మ వంగింది.
"ఆ పచ్చదీపం ఏదీ?"
"ఏ దీపం?"
"ఆ మూల. రోజూ ఎలుగుద్ది కదేటి.
నువ్వు లెక్కేసినంతసేపూ నాను దాన్నే సూస్తాను.
నీ మొకం ఎవులు సూస్తారు?"

మూలన ఒక మీట, దానిమీద చీమంత అక్షరాల్లో నమ్‌లాక్.
నిన్న సాయంత్రం గుడ్డ పెట్టి తుడిచింది నేనే,
నా బొటనవేలే తగిలి ఉంటుంది.
కామేసుని తిట్టిన తిట్లు గుర్తొచ్చి
అటు చూడకుండా నొక్కాను.
జొన్నగింజంత వెలుగు.

వరస కదిలింది. బయట హారను.
దాలమ్మ. ఏడు. చుక్క.
తొందరలో వేలు ఎక్కడ వాలిందో,

"బాబూ."
జీతాల పుస్తకంలో వేలిముద్ర వేసే మనిషి,
తలకిందులుగా ఉన్న మీటల్ని చూస్తూ,
"అది ఒకటి.
ఇంకో మెట్టు పైకెక్కు.
నా మూడొందల గ్రాములు ఆ సందులోనే ఉన్నాయి."