సరిచూడండి

షాపూర్‌నగర్ దాటాక, ఫ్యాక్టరీ గోడ పక్క సందులో
నమూనా ఇల్లు పదకొండు.
అంకె నేనే వేశాను నీలం సుద్దతో.
అప్పటికే ఆ తలుపు మీద
పోలియో వాళ్ల అంకె, కరెంటు వాళ్ల అంకె,
ఎవరు వేశారో ఆమెకే తెలియని ఇంకో అంకె.

పేరు తుల్జమ్మ. వయసు?
"పెద్ద కరువుల పాలు మరిచిన్నట."
ట్యాబులో కరువుకు గడి లేదు.
యాభై రెండు అని కొట్టాను.
కాదనలేదు.

ఊరు నారాయణఖేడ్ దిక్కు.
పని, డ్రమ్ములు కడుగుడు.
మందుల కంపెనీల నీలం డ్రమ్ములు, ఒక్కోదానికి ఆరు రూపాయలు.
వృత్తుల జాబితా కిందికి జరిపాను, ఇంకా కిందికి.
అంట్లు కడగడం ఉంది, బండ్లు కడగడం ఉంది,
పశువులను కడగడం కూడా ఉంది.
చివరికి ఇతరములు, తొంభై తొమ్మిది.
నేను తిరిగిన బస్తీల్లో
సగం మంది కాపురం ఆ అంకెలోనే.

తాగునీళ్లు?
మున్సిపాలిటీ నల్లా. రోజు విడిచి రోజు,
తెల్లారుజామున మూడుంబావుకు.
దేంట్లో పడతారు?
చూపించింది.
అదే నీలం డ్రమ్ము.
చిరిగిన లేబుల్ మీద పుర్రె బొమ్మ సగమే మిగిలింది,
ఒక కన్ను, రెండు పళ్లు.
"ఏడుసార్లు సబ్బు వెట్టి తోమిన సారు. వాసన సూడు, రాదు."
నేను వంగలేదు.
నా ప్రశ్న నల్లా దగ్గరే ఆగిపోతుంది.
సురక్షితమైన నీరు: అవును.

తర్వాత ఖర్చులు. గడచిన ముప్పై రోజులవి.
ఉప్పు, చింతపండు, రోజుకొక నూనె పొట్లం,
రేషన్ బియ్యం, దానికి సున్నా,
సెల్లు రీచార్జి, మనవరాలి బడి వ్యాను,
సంఘం కిస్తీ, గ్యాసు, చేతుల పొక్కులకు మలాం.
పొద్దున బస్సు టికెట్‌కు ఎంతిచ్చానో
నాకు గుర్తులేదు.
ఆమె మాత్రం ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది,
రూపాయి తర్వాత రూపాయి, ఎక్కడా తడుముకోలేదు.

చివరి మీట నొక్కాను.
తెర ఎర్రబడింది.
ఆదాయం కంటే ఖర్చు ఎక్కువ. సరిచూడండి.

చదివి వినిపించాను.
పొక్కుల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"నేను గూడ నెలనెలా గదే సరిచూస్తున్న సారు."

ఎరుపు పోతే గానీ ఫారం పోదు.
ఫారం పోతే గానీ
ఇంటికి నూట డెబ్బై నాకు రాదు.
పోయిన రెండు నెలలవి ఇంకా రానే లేదు,
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.
ఏదో ఒకటి తగ్గించాలమ్మా, అన్నాను.
బడ్జెట్ రోజు టీవీలో వినిపించే గొంతు
నా నోట్లోంచి వచ్చింది.

ఆమె గోడకేసి చూసింది కాసేపు.
పోరి వ్యాను ఉండనీ.
కిస్తీ తగ్గదు, వాళ్లొచ్చి గడపల కూసుంటరు.
"మలాం తీసెయ్యి."
తీశాను. ఎరుపే.
"నూనె సగం జెయ్యి."
ఇంకా ఎరుపే.
"పెత్రమాసకు మా ఆయన పేరు మీద
అర్ధకిలో ఏటకూర తెచ్చిన.
తేలేదని రాసుకో."

పచ్చబడింది.

తెర మీది పచ్చ ఆమె గదవ మీద పడింది.
"గిట్ల వేలితోటి ఒత్తితే తగ్గుతదా సారు?" అని
నిజంగానే అడిగింది.
జవాబు చెప్పకుండా వేలిముద్ర తీసుకున్నాను.
మూడుసార్లు తీయాల్సి వచ్చింది,
డ్రమ్ములు ఆమె గీతల్ని ఎప్పుడో కడిగేశాయి.

ఏడాదికి నివేదిక వచ్చింది, నున్నటి కాగితం మీద.
నగర శివార్లలో పేద కుటుంబాలు
రాబడికి లోబడి ఖర్చు పెట్టడం నేర్చుకుంటున్నాయట.
నలభై మూడో పేజీలో పచ్చటి కడ్డీ, పోయినసారి కంటే కాస్త పొడుగు.
అబద్ధమని అనలేను.
ప్రతి అంకే ఎవరో చెప్పిందే, నేను కొట్టిందే.
ఆఫీసు మెట్ల మీద కూర్చుని
ఆ కడ్డీని చాలాసేపు చూశాను.
అందులో ఎక్కడో అర్ధకిలో ఏటకూర ఉంది,
చచ్చిపోయిన మనిషి కోసం వండింది,
బతికున్నవాళ్లు
తినలేదని ఒప్పుకున్నది.