పొడపత్రి

పీణ్యా రెండో స్టేజీ, మూడో అడ్డరోడ్డు చివర
రేకుల కప్పు కింద మా స్టీలు తొట్లు.
బేలు విప్పితే ముందు దుమ్ము లేస్తుంది,
ఆ వెనకే పావగడ గుట్టల ఎండ వాసన.

కొత్త సరుకొస్తే యంత్రం కన్నా ముందు
నా నాలుకకే పని.
ఒక ఆకు. రెండు నిమిషాలు నమిలి ఊసెయ్యాలి.
ఆ పైన చిటికెడు చక్కెర.
చక్కెర ఇసకైతే సరుకు మంచిది.
తియ్యగా తగిలిందా, లారీ వెనక్కి.
పదకొండేళ్లుగా ఇలా
తీపి చచ్చిందని సంతకం పెడుతున్నాను.

మొన్న ప్యాకింగు చెన్నబసమ్మ
మనవడు పుట్టాడని మైసూరుపాకు పంచింది.
అప్పుడే ఆకు నమిలి ఉన్నాను.
నోట్లో నెయ్యి పూసిన సున్నపు పెళ్ల.
బాగుందన్నాను.
అబద్ధం కాదు, ఆమె మొహం చూసి చెప్పాను.

ఆకు ఉడుకుతుంది, స్పిరిట్‌లో నానుతుంది,
చిక్కబడి తారవుతుంది.
తారు మొండిది, డ్రయరు గోడల్ని వదలదు.
అందుకని తెల్లపొడి కలుపుతాం, మాల్టోడెక్స్‌ట్రిన్.
మొక్కజొన్న పిండిని విరగ్గొట్టి చేసింది.
గుట్టు విప్పి చెప్పాలంటే
చక్కెరకి పెదతల్లి కూతురు.
మా వంటకంలో నూటికి ముప్పై పాళ్లు ఆవిడే.
డబ్బా వెనక ఆ పేరుంది,
చీమ తలకాయంత అక్షరాల్లో,
చీమలు చదువుకుంటాయని కాబోలు.

ముందువైపు పెద్దక్షరాల్లో
"షుగరు తగ్గించును" అని రాశారు మొదట.
లాయరు కొట్టేసి "తోడ్పడును" అని పెట్టాడు.
ఎంత దూరం తోడొస్తుందో
అది మాత్రం ఎవరూ రాయలేదు.

ఈ సాయంత్రం బేళ్లతో పాటు లారీ దిగింది ఓబుళమ్మ.
ఆకు కోసేది ఆమే.
ఎడమకాలి బొటనవేలికి గుడ్డపీలిక,
పీలిక మీద తడి.
"ఇంతాకు నా చేతుల మీదనే పోతాది గదక్కా,
ఆ తెల్లగోలీలు మానేసి ఇదే నమల్దామనుకుంటాండా."

శాతాలు చెప్పొచ్చు. పరీక్షల కాగితాలు
ఏది తేల్చాయో, ఏది తేల్చలేదో చెప్పొచ్చు.
తూకం యంత్రం మీద ఆమె చెయ్యి ఆనించి నిలబడితే
ముల్లు కొద్దిగా కదిలింది.

"ఆకు నీ ఇష్టం.
గోలీ మాత్రం ఒక్కపూట గూడా ఇడ్సొద్దు.
ముందు ఆ కాలు చూపిద్దాం పా."

"కంపెనీదానివి, నువ్వే ఇట్లంటే
మందెవురు కొంటారు తల్లీ" అని నవ్వింది.
లారీ ఎక్కనివ్వలేదు.
రేపు ఆరున్నరకి ఆసుపత్రిలో టోకెన్లిస్తారు.

గొరగుంటెపాళ్య వంతెన కింద రెండు టీలు.
ఆమెది చక్కెర లేనిది,
నాది రెండు చెంచాలది.
పైన మెట్రో పోతుంటే గ్లాసుల్లో టీ వణికింది.
ఊదుకుంటూ అడిగింది:
"తియ్యగుందా?"

చివరి బేలు ఆకు ఇంకా నాలుక మీదే ఉంది.
"ఇంకా లేదు" అన్నాను.