అలసిన మాటల డబ్బా

ఇక్కడ వాన కురవదు, కాపురముంటుంది.
చిలోయె పక్కన, మ్యాపు మీద ఈగ వాలిందేమో అనుకునేంత దీవి మాది.
బడికి ఒకటే గది, ఒకటే కట్టెల పొయ్యి,
పదకొండు మంది పిల్లలు,
పొయ్యి మీది తీగకి ఇరవై రెండు మేజోళ్లు.
కాదు, ఇరవై ఒకటి.
నెరేయిడాది ఒకటి ఎప్పుడూ దారిలోనే ఉండిపోతుంది.

వాన గురించి రాయండి, అన్నాను మార్చిలో.
పదకొండు కాగితాలొచ్చాయి.
పదకొండింటిలోనూ వాన అందంగా ఉంది.
కిటికీ అవతల అది
పడవల్లోకి, బూట్లలోకి, బంగాళాదుంప చేలల్లోకి దూరి
నానా యాగీ చేస్తోంది.
కాగితం మీద మాత్రం
చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడింది.

ఆ రోజే బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి బల్ల మీద పెట్టాను.
అలసిపోయిన మాటలు ఇందులో పడుకుంటాయి, అన్నాను.
చీటీల మీద రాసి, మడిచి వేశాం:
అందమైన.
చాలా.
ఒకానొక రోజు.
ఇస్మేనియా లేచి
"హఠాత్తుగా" కూడా వెయ్యండి టీచర్,
పాపం దాని మోకాళ్లు అరిగిపోయాయి, అంది.
"సంతోషంగా" దగ్గర గొడవై ఓట్లు పెట్టాల్సి వచ్చింది.
ఆరుకి అయిదు.

ఏప్రిల్ నాటికి వాన మారింది.
ఒకరి కాగితంలో తాత గొంతుతో దగ్గింది.
ఒకరింట్లో తలుపు తట్టకుండా వచ్చి, అన్నం తిని పోయింది.
ఇంకా అక్షరాలు తలకిందులుగా రాసే ఆరేళ్ల నెరేయిడా
"వాన నా మేజోడు తినేసింది" అని రాసి
కింద సంతకం పెట్టింది, పోలీసు ఫిర్యాదులా.

నేను లోలోపల పొంగాను. ఒప్పుకుంటాను.
పెద్ద దీవి నుంచి పడవ మీదొచ్చిన ఇన్‌స్పెక్టరుకి
తొలిచూలు బిడ్డని చూపించినట్టు చూపించాను ఆ డబ్బాని.
ఆయన ఫారంలో మూడు గళ్లున్నాయి:
ఆరంభం, మధ్య, ముగింపు.
మూడింటికీ టిక్కు పెట్టి, పడవ వేళైందని లేచాడు.

జూన్‌లో ఒక శుక్రవారం
అలీరో చిగ్వాయ్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.
తొమ్మిదేళ్లు. మాట పొదుపు.
గోళ్ల నిండా దుంపల మట్టి.
"డబ్బాలోంచి ఒకటి కావాలి."
ఏది?
"అందమైన."
ఎవరి గురించి రాస్తున్నావు?
"మార్కేసా." వాళ్ల పంది.
నియమం నియమమే అలీరో,
దాని వీపెలా ఉంటుందో రాయి, ముక్కు గురించి రాయి,
నడిచేటప్పుడు ఎటు ఒరుగుతుందో రాయి.

వెళ్లి రాసుకొచ్చాడు.
వీపు, ముక్కు, నడక,
ఎడమ చెవిని ముళ్లకంచె చింపిన గాటుతో సహా.
ఇప్పుడు బాగుంది కదూ? అన్నాను.
"బాగుంది," అన్నాడు.
"కానీ ఇవన్నీ దాని ముక్కలు."

పొయ్యిలో తడి కట్టె బుస్సుమంది.
డబ్బా మూత బిగుసుకుపోయింది, తీస్తుంటే నా గోరు విరిగింది.
చీటీ విప్పి చేతిలో పెట్టాను.
ఇంకోటి కూడా తీసి, "చాలా" కూడా కావాలా? అని అడిగాను.
కాసేపు ఆలోచించాడు.
"వద్దు. ఒకటి చాలు."

కాగితానికి చిల్లి పడేంత నొక్కి రాశాడు చివర్న:
మార్కేసా అందమైన పంది.
రేపు శనివారం.

జూన్ శనివారమంటే ఏమిటో
ఈ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.
పెద్ద మూకుళ్లు ఈపాటికి తోమి ఉంటారు.
ఇరుగుపొరుగుకి కబురు వెళ్లి ఉంటుంది.
నాకూ వచ్చింది.
నేను వెళ్తాను కూడా.
ఎవరు ఏం చదివినా ఒక మాట అననిదే ఊరుకోని ఇస్మేనియా
కిటికీ వైపు తిరిగింది.

సోమవారం నేను తాళం తీసేసరికి
వాడు అరుగు మీద ఉన్నాడు, తడిసి.
ఏమీ అనకుండా చీటీ తిరిగిచ్చాడు.
నాలుగు మడతలు, నేను మడిచినట్టే.
ఒక మూల కొవ్వు అంటి
కాగితం అద్దమైపోయింది,
వెనక్కి తిప్పినా అక్షరాలు కనబడుతున్నాయి.

డబ్బాలో వేశాను.
మూత పెట్టాను గానీ, బిగించలేదు.