నాలుగో కూన

సాయంత్రం ఆరాధన అయ్యాక
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
ఏసుపాదం మామా, ఎఫ్రాయిము మాస్టారూ మళ్ళీ అదే.
"జగత్తుకు పునాది వెయ్యకముందే పేర్లు రాసేశాడు."
"రాసేస్తే తలుపు దగ్గర నిలబడి తట్టడం ఎందుకు? గడియ లోపలేగా!"

ఐసు పెట్టెల సందున పిల్లి
కూనల్ని మెడ కరిచిపట్టి ఒక్కొక్కటే మోస్తోంది.
వేలాడుతున్నాయి, అంతే.
"చూశావా?" అన్నాడు మామ.
నాలుగోది గింజుకుని జారి
వలల కుప్పలో దూరింది.
"నువ్వు చూశావా?" అన్నాడు మాస్టారు.

నేను నీళ్ళకేసి చూశాను.
'వచ్చే ఈస్టరుకి మునుగుతాలే' అని
నవ్వి వేటకెళ్ళిన మా పోలయ్య
ఆఖర్న చెయ్యి చాచాడో, విదిలించుకున్నాడో.
డాల్ఫిన్ నోస్ దీపం తిరుగుతూనే ఉంది,
చెప్పదు.

వాళ్ళు లేచెళ్ళిపోయారు.
పిల్లి మళ్ళీ వచ్చింది.
వలల ముందు కూర్చుని పిలుస్తోంది,
ఇంకా.